సీలు తీయని సెంటు సీసా

జిద్దా ఊరి బయట, దక్షిణం వైపు గోదాములుండే ప్రాంతంలో నేను స్టోర్‌కీపర్‌ని. మా కంపెనీ పై దేశాల నుంచి సెంట్లు తెప్పించి ఇక్కడి మాల్స్‌లో ఉన్న దుకాణాలకు పంపిస్తుంది. వాటిలో ఒక ఫ్రెంచి కంపెనీ సెంట్లు అన్నిటికన్నా ఖరీదైనవి. దాని పేరు రాయను. రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. చాలాకాలం ఆ పేరును తప్పుగా పలికాను. సరిగ్గా పలకడం వచ్చేసరికి దానితో నాకు పని లేకుండా పోయింది.

సెంట్ల గోదాము అనగానే లోపలంతా ఘుమఘుమలాడుతుందని అందరూ అనుకుంటారు. అట్టపెట్టెల వాసన, ఫోర్క్‌లిఫ్ట్ టైర్ల వాసన తప్ప అక్కడ ఇంకేమీ ఉండదు. ప్రతి సీసాకీ ఒక పెట్టె, పెట్టెకి పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం, అలాంటివి కొన్ని కలిపి ఇంకో పెద్ద పెట్టె. ఏళ్ల తరబడి వాటిని దింపించాను, ఎక్కించాను, చల్లటి గదిలో సర్దించాను. లోపల ఉన్నది ఎలా ఉంటుందో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. సిమెంటు గోదాములో పనిచేసినా నాకు అంతే ఉండేది.

ఒక మధ్యాహ్నం ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పాకిస్తానీ మలుపు దగ్గర కొంచెం తొందరపడ్డాడు. పైన ఉన్న పెట్టె జారి నా ముందే పడింది. "హట్ జావో భాయ్!" అని, పక్కకు తప్పుకోమని అతను అరిచేలోపే నేను వంగి దాన్ని పట్టుకోబోయాను. అట్ట తడిసి చేతుల్లో చిరిగిపోయింది. లోపలి సీసాలు కొన్ని పగిలాయి. కారింది కారినట్టు నా చొక్కా చేతుల మీదుగా మోచేతి దాకా పోయింది.

మొదట నారింజ తొక్కను గోటితో గిల్లితే ముక్కులోకి చురుక్కుమన్నట్టు అనిపించింది. గాజు ముక్కలు ఏరి, నేల తుడిపించి, చేతులు కడుక్కున్నాను. సబ్బుకు అది పోలేదు. సాయంత్రం కంపెనీ బస్సులో రూముకు వస్తూ, అలసిపోయి ముందు సీటు మీద చేతులు పెట్టి వాటి మీద తల ఆనించాను. ఆ నారింజ ఎటో పోయింది. దాని కింద నుంచి ఇంకో వాసన వచ్చింది. నేను చొక్కా చేతిని ముక్కుకు ఇంకా దగ్గరగా లాక్కున్నాను.

తంబాకు వాసన అది.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మా దిక్కు ఆడవాళ్లంతా బీడీలు చుడతారు. మా అమ్మ చుట్టింది, పెళ్లై వచ్చాక నా భార్యా చుట్టింది. తడిపిన తునికాకు గోనెసంచిలో చుట్టి మూలకు పెట్టి ఉండేది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, నా భార్య వేళ్లు మాత్రం ఆగకుండా ఆడుతుండేవి. ఆ వాసన ఇంటి గోడలకు, దుప్పట్లకు, ఆమె జుట్టుకు పట్టి ఉండేది. పెళ్లైన కొత్తలో ఆమె దగ్గరికి వస్తే కొబ్బరినూనె, సబ్బు, వాటి కింద మెత్తగా ఈ తంబాకు. దేశం విడిచి వచ్చాక నేను అది మరిచిపోయాననుకున్నాను. ఎక్కడో ఫ్రాన్సులో ఎవరో దాన్ని శుభ్రంగా కడిగి, కొంచెం తేనె కలిపి, సీసాలో పోసి మా గోదాముకే పంపించారు.

రూములో నాతో ఉండే ఆయన నిజామాబాద్ దిక్కు మనిషి, ఏసీ మెకానిక్. నాకన్నా పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచేవాణ్ణి. లోపలికి అడుగు పెట్టగానే వంట దగ్గర నుంచి తల తిప్పాడు.

"తమ్మీ, ఏం కొట్టుకొచ్చినవ్‌ర? పెండ్లికి పోతున్నవా ఏంది?"

జరిగింది చెప్పాను. ఆయన నా చొక్కా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు.

"బీడీల కార్ఖానా లెక్క ఉన్నది గద. గీ దానికా షేకులు గన్ని పైసలు పెడ్తున్నరు?" అని నవ్వాడు.

ఆ చొక్కాను నేను వారమంతా ఉతకలేదు.

తర్వాతి శుక్రవారం సాయంత్రం మాల్‌కు పోయాను. అన్నేళ్లుగా మా సరుకు చేరే దుకాణమే అయినా, లోపలికి వెళ్లడం అదే మొదలు. బయట నుంచి చూస్తే నగల దుకాణంలా ఉంది. నల్లటి గోడలు, ఒక్కొక్క సీసా మీద ఒక్కొక్క చిన్న దీపం. నా చెప్పులు చూసుకుని వెనక్కి తిరగబోతుంటే కౌంటర్ దగ్గర నల్లటి అబాయా వేసుకున్న సౌదీ అమ్మాయి "తఫద్దల్" అని పిలిచింది, రండి అని. ఆ పిలుపులో వెటకారం లేదు. వచ్చిన అరబ్బీతో, రాని ఇంగ్లీషుతో, ఫలానా సెంటు కావాలని చెప్పాను. కంపెనీ పేరు నేను పలికిన తీరుకు ఆమె నవ్వలేదు, మెల్లగా సరిచేసి మళ్లీ పలికించింది.

సన్నటి కాగితం ముక్క మీద కొట్టి ఇచ్చింది. నేను వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడే వద్దు, కొంచెం తిరిగి రండి" అంది. అంతలో నమాజు వేళయింది. అప్పట్లో ఆ సమయానికి దుకాణాలు మూసేవారు. సగం దింపిన షట్టర్ బయట బెంచీ మీద ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. నారింజ పోయింది, ఏదో చెక్క కాలిన పొగలాంటిది వచ్చి పోయింది, చివరికి మా ఇల్లు వచ్చింది. షట్టర్ మళ్లీ పైకి లేచేసరికి నేను అక్కడే ఉండటం చూసి ఆ అమ్మాయి అడిగింది.

"ఏం గుర్తొచ్చింది?"

"మా ఇల్లు."

"నాకు మా తాత గుర్తొస్తాడు. సాయంత్రం వాకిట్లో హుక్కా పెట్టుకుని కూర్చునేవాడు" అంది.

ధర కూడా చెప్పింది. విని నేను నవ్వేశాను, ఆమె కూడా నవ్వింది. తర్వాత చాలా శుక్రవారాలు ఏదో పని ఉన్నట్టు ఆ మాల్‌కు పోయేవాణ్ణి. ఆమె ఉంటే అడగకుండానే ఒక కాగితం ఇచ్చేది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. గోదాములో కూడా ఆ పెట్టెలు వచ్చినప్పుడు నా చేతులు తెలియకుండానే మెత్తబడేవి. అదే అట్ట, అదే ప్లాస్టిక్ కాగితం. కాని లోపల ఏముందో నాకిప్పుడు తెలుసు.

చివరికి ఒక సీసా కొన్నాను. కొన్న రోజే ఒక మాట అనుకున్నాను. నా భార్య ఇక్కడికి వచ్చినప్పుడు ఆమె చేతులతోనే సీలు తీయించాలి. మొదటిసారి ఆమె చేతి మీదే కొట్టాలి, ఆ సీసా వాసన నేను మొదటిసారి ఆమె దగ్గరే చూడాలి. విజిట్ వీసా కోసం అప్పటికే తిరుగుతున్నాను. ఆ సీసాను తువ్వాలులో చుట్టి అల్మారా పై అరలో పెట్టాను.

"తీసి ఒక్కపారి కొట్టుకోరాదూ? నువ్వు కొన్నదే గద, ఎవరేమంటరు?" అనేవాడు అన్న, నేను దాన్ని దింపి చూసుకున్నప్పుడల్లా.

"సీలు తీస్తే కొత్తదనం పోతదన్నా. ఆమె రానీ."

"వచ్చేదాంక ఆగుతదారా వాసన?"

"సీసల ఉన్నది ఎటు పోతదే?"

నేనన్నది నిజమే. సీసాలో ఉన్నది ఎటూ పోలేదు.

వీసా వచ్చే ముందు ఆ జబ్బు వచ్చింది. విమానాలు ఆగిపోయాయి, వీధులు మూతపడ్డాయి. మా బిల్డింగులో ఒకరి తర్వాత ఒకరు మంచాన పడ్డారు. నాకు జ్వరం మరీ ఎక్కువ రాలేదు, ఒళ్లు నొప్పులు, నీరసం. లేచి తిరుగుతున్నాను కదా అని సంతోషపడ్డాను. అప్పుడొకరోజు అన్న పప్పుకు పోపు పెడుతున్నాడు. నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి చిటపటలాడుతున్నాయి. ఆయన దగ్గుతూ కిటికీ తెరిచాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నాకు దగ్గు రాలేదు. గిన్నె మీదికి వంగి చూశాను. ఆవిరి ముఖానికి వెచ్చగా తగిలింది, అంతే.

డిస్పెన్సరీలో డాక్టర్ పెద్దగా పట్టించుకోలేదు. "వస్తుంది, కొందరికి ఆలస్యమవుతుంది. బతికి బయటపడ్డావు కదా" అన్నాడు. అదీ నిజమే. చుట్టూ అంత జరుగుతుంటే ముక్కు గురించి బాధపడటం నాకే సిగ్గనిపించింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పలేదు. గోదాములో చెప్పాల్సిన అవసరమే రాలేదు. అక్కడి పనికి వాసన అక్కర్లేదు. పెట్టెలు అవే పెట్టెలు.

విమానాలు మళ్లీ నడిచాక, ఎన్నో వాయిదాల తర్వాత ఆమె వచ్చింది. మా కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి, మొదటిసారి విమానమెక్కి. ఎయిర్‌పోర్టు బయట బండి తోసుకుంటూ, నన్ను వెతుక్కుంటూ వస్తుంటే ఎదురెళ్లాను. అంతమంది మధ్య సిగ్గుపడుతూనే నా భుజానికి తల తాకించింది. ఆమె జుట్టు నా ముక్కుకు తగిలింది. ఏమీ లేదు. అంతవరకూ ఏ మూలో నాకొక ఆశ ఉండేదనుకుంటాను, ఆమె దగ్గరికి వస్తే అదే తిరిగి వస్తుందని. టాక్సీలో దారంతా ఆమె మాట్లాడుతూనే ఉంది, నేను ఊకొడుతూ కూర్చున్నాను.

జిద్దా పాతబస్తీ బలద్‌లో ఒక పాత బిల్డింగులో చిన్న గది తీసుకున్నాను. కింద సూక్, అంటే బజారు, కిటికీ తెరిస్తే బేరాల గోల. మరుసటి రోజు సాయంత్రం తువ్వాలు విప్పి పెట్టె ఆమె చేతిలో పెట్టాను. ఎంత జాగ్రత్తగా విప్పిందో! ప్లాస్టిక్ కాగితాన్ని కూడా చింపకుండా తీసి మడతపెట్టింది. సీసా బరువు చూసి "అమ్మో" అంది. మణికట్టు మీద నేనే కొట్టాను. ఆ అమ్మాయి నాకు చెప్పినట్టే "ఇప్పుడే చూడకు, ఆగు" అని చెప్పాను. ఆమె బుద్ధిగా చెయ్యి దూరంగా పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి ముక్కు దగ్గర పెట్టుకుంది. ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. మళ్లీ చూసింది.

"ఇదేంది, తంబాకు వాసనొస్తున్నది?"

"ఆఁ. అందుకే తెచ్చిన. మనింటి వాసన లెక్క ఉంటది."

"మనింటి వాసనా?" అని నా దిక్కు చూసింది. కోపంగా కాదు, నేనేదో తెలియని మాట అన్నట్టు. "ఇగో, నేను ఏడికన్న శుభకార్యానికి పోవాల్నంటే నిమ్మకాయ చెక్కతోని చేతులు రుద్దుకొని పోతా. అయినా బస్సుల పక్కపొంటి కూసున్నామె మూతి తిప్పుకుంటది. పిల్ల కూడా ఒక్కోపారి అన్నం కలిపిపెడ్తుంటే, అమ్మా నీ చెయ్యి వాసనొస్తున్నదే అంటది. నువ్వు గదే వాసన కొనుక్కొచ్చి నా చేతికి కొడ్తివా?"

"తేనె వాసన కూడా ఉంటది, కొంచెం ఆగితే వస్తది" అన్నాను.

"ఏది, నువ్వు సూడు" అని మణికట్టు నా ముఖం ముందు పెట్టింది. నేను తల వంచి ఊపిరి పీల్చాను. చర్మం వెచ్చగా తగిలింది.

"నాకు రాదు."

"ఏం రాదు?"

"వాసన. ఏ వాసనా రాదు."

"ఎప్పటి సంది?"

"జరమొచ్చినప్పటి సంది."

"ఫోన్ల చెప్పకపోతివి."

"చెప్తే ఏం జేస్తుంటివి?"

"ఏం జెయ్యకపోతుంటి. తెలుస్తుండె గద" అంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆ చెయ్యి కడుక్కుంటుందేమోనని చూశాను. కడుక్కోలేదు. కాసేపటికి వచ్చి పక్కన కూర్చుని, ఏ కూర వాసనా రాదా, పసిపిల్లల వాసన కూడా రాదా అని ఒక్కొక్కటీ అడిగింది. దేనికీ రాదనే చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాతి శుక్రవారం తనే అంది, "ఆ దుకానం ఏడున్నదో సూపెట్టు పా." నాకు పోవాలని లేదు. అయినా తీసుకెళ్లాను. ఆ అమ్మాయే ఉంది. ఇప్పుడు ఆమె దుకాణానికి మేనేజరు. నన్ను గుర్తుపట్టలేదు, ముఖానికి మాస్కులున్న రోజులు కదా, గుర్తుపట్టాలని నేనూ అనుకోలేదు. నా భార్య కొత్త చోట మాట్లాడదని అనుకున్నాను. కాని నేరుగా కౌంటర్ దగ్గరికి పోయి రెండు చేతులూ చాచింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ అమ్మాయి కొట్టడం, ఈమె మాస్కు కొంచెం దించి చూసి తల అడ్డంగా ఊపడం, మళ్లీ ఇంకొకటి. ఇద్దరూ ఆట ఆడుతున్నట్టే ఉంది. చేతుల మీద చోటు అయిపోయాక కాగితాల మీద కొట్టింది.

ఒక దాని దగ్గర నా భార్య ఆగిపోయింది. ఇంకోసారి చూసింది. కళ్లు మూసుకుంది. పెళ్లప్పటి నుంచి చూస్తున్నాను, ఆ ముఖంలో అలాంటి వెలుగు నాకు తెలియదు. పొద్దంతా వంగి పనిచేసే మనిషి వీపు నిటారుగా పెట్టి నిలబడింది. కళ్లు తెరిచి నా దిక్కు తిరిగి, మరిచిపోయి, ఆ కాగితం నా ముక్కు దగ్గర పెట్టింది.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"ఉత్తగ చెప్పకు" అంది. అప్పుడే గుర్తొచ్చి కాగితం వెనక్కి తీసుకుంది.

అది కొన్నాను. వద్దని చెయ్యి పట్టుకుని గుంజింది, ఇల్లు కట్టుకోవాల్సినోళ్లమని చెవిలో తిట్టింది. ఆ అమ్మాయికి మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమై నవ్వుతూ చిన్న చిన్న సీసాలు ఇంకో రెండు సంచిలో వేసింది. దారిలో నా భార్య ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఏళ్ల తరబడి దాచి, ఎదురుచూసి ఇవ్వాలనుకున్నది ఇదే ముఖం కోసం. అది వచ్చింది, కాని నేను తెచ్చినదానికి కాదు. పైగా ఆమెకు నచ్చింది ఏమిటో కూడా నాకు తెలియదు.

ఆమె తిరిగి వెళ్లేటప్పుడు నేను కొన్న మొదటి సీసా గదిలోనే ఉండిపోయింది. తీసుకుపొమ్మని నేను అనలేదు, ఆమె అడగలేదు. అన్న ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా ఊరికి పోతుంటే ఆయన సంచిలో పెట్టాను. "గిదెందుకుర నాకు?" అంటూనే తీసుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు వాసన వచ్చింది. వచ్చిందని సంబరపడ్డది ఒక్కపూటే. అన్నీ వంకరగా వచ్చాయి. చాయ్ తడిగుడ్డలా, ఉల్లిగడ్డ పెట్రోలులా. మెల్లగా సర్దుకుంటుందని డాక్టర్ అన్నాడు, కొంత సర్దుకుంది కూడా. ఆ ధైర్యంతో ఒక మధ్యాహ్నం ఒక్కణ్ణే మాల్‌కు పోయి ఆ తంబాకు సెంటే అడిగాను. కౌంటర్‌లో కొత్త కుర్రాడున్నాడు. కాగితం తీసుకుని బయట బెంచీ మీద కూర్చుని ఆగాల్సినంతసేపు ఆగాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన రబ్బరు. ఇంకాసేపు ఆగాను. రబ్బరే. కాగితం బెంచీ మీదే వదిలేసి బయటి ఎండలోకి వచ్చేశాను. ఆ తర్వాత ఆ దుకాణం ముందు నుంచి కూడా పోలేదు.

నా సొంత సీసా నుంచి నేను ఒక్కసారి కూడా వాసన చూడలేదు. ముక్కు పనిచేసినప్పుడు చూసిందంతా పగిలిన సీసాది, కాగితం ముక్కలది. ఎందుకు తీయలేదని నన్ను నేను అడుగుతుంటాను. ఆమె కోసమని అప్పుడు అనుకున్నాను. ఆమెకు ఏం కావాలో మాత్రం ఆమెను అడగలేదు. ఫోన్‌లో రోజూ మాట్లాడే మనిషిని నీకే వాసన ఇష్టమని ఒక్కమాట అడిగితే సరిపోయేది.

మొన్న సెలవుకు ఊరికి పోయాను. దగ్గరివాళ్ల ఇంట్లో పెళ్లి. నా భార్య తన సెంటు కొంచెమే కొట్టుకుంది, మణికట్టు మీద, చెవి వెనక. పందిట్లో ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు. ఏం సెంటు వదినా, ఏడ దొరుకుతది, ఒక్కపారి మాకూ కొట్టరాదూ అని. ఆమె మురిసిపోతూ ఆ ఫ్రెంచి పేరు చెప్తోంది, నేను మొదట్లో పలికినట్టే తప్పుగా. నేను పక్కనే కూర్చున్నాను. నాకు వచ్చింది ఎండకు కాగిన ప్లాస్టిక్ కుర్చీ లాంటి వాసన.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మేమిద్దరమే.

"అదెట్లుంటది? జర చెప్పు" అని అడిగాను.

"ఏది?"

"నీ సెంటు."

"మల్లెపువ్వు గాదు, గులాబీ గాదు" అంది. మణికట్టు వాసన చూసుకుంది. "నా చిన్నప్పుడు మా మేనత్త బొంబాయి నుంచి వస్తుండె. వచ్చి ట్రంకుపెట్టె తెరుస్తుండె. అండ్ల కొత్త బట్టలు, పౌడర్ డబ్బా, ఇంకేందో. మేము పిల్లలమంతా పెట్టెల తలకాయ పెట్టి వాసన పీలుస్తుంటిమి. గట్ల ఉంటది."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మేనత్త మాట నేను ఎప్పుడూ వినలేదు.

"ఇప్పుడేడున్నది ఆమె?"

"సచ్చిపోయింది, ఎప్పుడో. నీకు చెప్పలేదా?"

"లేదు."

"నువ్వు ఇక్కడ ఉంటే గద చెప్పేది" అంది మామూలుగా, నిష్ఠూరమేమీ లేకుండా. తర్వాత ఆ మేనత్త ఎట్లా నవ్వేదో, బొంబాయిలో ఏ మిల్లులో పనిచేసేదో, పిల్లలందరికీ తలా ఒక రిబ్బను ఎట్లా తెచ్చేదో చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు వచ్చినా ఇంకా చెప్తూనే ఉంది. ఆటోవాడికి చెప్పి ఇంకో చుట్టు తిప్పించాను.